చదువును పనిశిక్షణయు

గత వేసవిలో ఒకనాటి సాయంకాలము అంచెట్టి బస్సు నిలయముకడ ఒక రైతు నన్ను నిలిపి ఒక ప్రశ్న వేసెను. ఆయన కుమార్తె మన పాఠశాలలో చదివినదే. ప్రస్తుతము ఆంధ్రప్రదేశమున ఒక కళాశాలలో బి.కాం. చదువుచున్నది. “ఏమి అయ్యవారూ, సదువుకోమని పంపిస్తే, రెండు నెల్లు ఊర్లో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాసుకోని రమ్మన్నారంట. ఇదేమి సదువు? ఆ రెండు నెల్లు తోటలో టొమేటాలు కోసినా కూలి మిగులుతుంది గదా!” అని ఆయన అడిగెను. ఆ ప్రశ్నలో కోపము లేదు. ఇల్లు గడుపవలసిన వానికి సహజముగా కలుగు ఆందోళన మాత్రము కలదు. ఇంతలో బస్సు వచ్చుటచే నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. నాడు చెప్పలేని సమాధానమును ఇక్కడ వ్రాయుచున్నాను. పై తరగతులకు పోగోరు విద్యార్థులును, వారి తల్లిదండ్రులును దీనిని కలసి చదువుకొందురుగాక.

ఆంధ్రప్రదేశమున 2020-21 విద్యాసంవత్సరమున డిగ్రీలో చేరినవారి నుండి ఒక క్రొత్త ప్రణాళిక అమలులోనికి వచ్చినది. మూడు సంవత్సరముల డిగ్రీలో మొత్తము పది నెలలు విద్యార్థి తరగతి గదికి వెలుపల పనిలో గడపవలెనని దాని నియమము. మొదటి సంవత్సరము ముగిసిన పిదప రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరము పిదప రెండు నెలలు ఏదేని సంస్థలో స్వల్పకాల శిక్షణ, కడపటి సంవత్సరమున ఒక సెమిస్టరు కాలము పూర్తిగా పనిలోనే. దీనినే నేడు ఇంటర్న్‌షిప్ అనుచున్నారు. నేను పనిశిక్షణ అని పిలిచెదను. మొదటి విడతకు 180 గంటలు నిర్ణయించిరి. విద్యార్థి ఒక గ్రామమునో, ఒక వాడనో ఎన్నుకొని, ఇండ్లకు పోయి జనుల స్థితిగతులను విచారించి, ఏనాటి పని ఆనాడే పుస్తకమున వ్రాసి, తుదకు ఒక నివేదికను సమర్పించవలెను. తమిళనాట 2022 మార్చి 1వ తేదీన ప్రారంభమైన ‘నాన్ ముదల్వన్’ పథకము కూడ విద్యార్థులకు ఉద్యోగములకు కావలసిన నైపుణ్యములను నేర్పుటకు ఏర్పడినదే.

ఆంధ్ర ప్రణాళికలో నాకు నచ్చినది దాని వరుస. వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థి వ్యాపార సంస్థలో అడుగు పెట్టకమునుపే గ్రామములోనికి పోవును. అనగా లెక్కల పుస్తకమును చూడకముందు, ఆ లెక్కలు ఎవరి చేతులలో పుట్టుచున్నవో ఆ మనుష్యులను చూచును. మనుష్యులు కూడి జీవించు తీరును పరిశోధించు శాస్త్రమునకే సమాజశాస్త్రమని పేరు. ఈ రెండు శాస్త్రములను కళాశాలలో వేరువేరు గదులలో బోధింతురు గాని, పనిచోట వాటిని వేరుచేయుట సాధ్యము కాదు.

ఇట్టి ప్రయత్నములు పూర్వమును జరిగినవి. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు 1906లో 27 మంది ఇంజనీరింగు విద్యార్థులతో ఒక పద్ధతిని ఆరంభించెను. వారు ఒక వారము తరగతిలోను, మరుసటి వారము కర్మాగారములోను ఉండెడివారు. తెలుగు నేలపై ఇంతకంటె మనకు దగ్గరైన ఉదాహరణము కలదు. హైదరాబాదునకు సమీపముననున్న శామీర్‌పేట గ్రామమున 1951-52 సంవత్సరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు సమాజసేవా విస్తరణ కార్యక్రమము జరిగెను. వివిధ శాఖల అధ్యాపకులును విద్యార్థులును అందు పాల్గొనిరి. గ్రామమునకు సేవ చేయుచునే ఆ గ్రామజీవనమును అధ్యయనము చేయుట వారి ఉద్దేశము. ఆ అధ్యయనము నాధారముగా చేసికొని ఆచార్య ఎస్. సి. దూబే రచించిన ‘ఇండియన్ విలేజ్’ అను ఆంగ్ల గ్రంథము 1955లో వెలువడి, భారత గ్రామములను గూర్చిన తొలి సమగ్ర గ్రంథములలో ఒకటిగా లోకమున గణుతికెక్కెను. ఒక తెలుగు పల్లెలోని కుటుంబములు, కులములు, పంటలు, పండుగలు దేశదేశముల విద్యార్థులకు పాఠ్యాంశములైనవి. ఇల్లిల్లు తిరిగి వ్రాసికొనుట ఏమి చదువని మన రైతు అడిగెను గదా! శామీర్‌పేట గ్రంథము అట్టి తిరుగుట నుండియే పుట్టినది.

ఇక ఆ బాలిక సంగతి. రెండు నెలలు గడచిన తరువాత ఆమె తన పుస్తకమును తెచ్చి నాకు చూపినది. ఆమె అధ్యాపకురాలు నేర్పిన పద్ధతి చాల సులభము. పుస్తకమును తెరచిన యెడల ఎడమ పుటలో డబ్బు, కుడి పుటలో మనుష్యులు. ఒకే దినమున ఒకే విషయమును గూర్చి రెండు పుటలును నింపవలెను. ఆమె ఎన్నుకొనిన విషయము టొమేటో.

ఎడమ పుట ఎట్లుండునో చెప్పెదను. అంకెలు నేను ఉదాహరణకై వేసినవి మాత్రమే. రాయకోట సంతలో ఒక పెట్టె 300 రూపాయలకు అమ్ముడుపోయినదనుకొనుడు. మండీవారి కమీషను నూటికి పది చొప్పున 30 రూపాయలు. బండి బాడుగ 20, దింపుడు కూలి 10, పెట్టె బాడుగ 5. ఇవి పోగా రైతు చేతికి వచ్చునది 235. అందుండి కోత కూలి 25 తీసివేసిన 210. విత్తనము, ఎరువు, మందు, కట్టెలు, నీరు, ఇంటివారి శ్రమ ఇంకను లెక్కకు రాలేదు. ధర 100 రూపాయలకు పడిపోయిననాడు కమీషను 10కి తగ్గును గాని బాడుగయు కూలియు తగ్గవు. అప్పుడు రైతుకు మిగులునది 30 రూపాయలే. ధర మూడవ వంతునకు పడినది, రాబడి మాత్రము ఏడవ వంతునకు పడిపోయినది. కొన్ని ఖర్చులు ధరతో కూడ మారును, కొన్ని మారవు. పాఠ్యపుస్తకమున ఖర్చుల విషయమును కర్మాగారపు ఉదాహరణముతో చెప్పుదురు. మన పిల్లలకు టొమేటో పెట్టెయే మేలు.

ఎడమ పుటను మాత్రమే చదివినవారికి వెంటనే ఒక ప్రశ్న తోచును. వేరొక మండీలో తక్కువ కమీషను తీసికొనుచుండగా ఈ రైతు ఏటేట అదే మండీకి ఏల పోవుచున్నాడు? లెక్క రానివాడా? కాదు, నోటితోనే లెక్క చెప్పగలవాడు. సమాధానము కుడి పుటలో కలదు. నారు పోయుటకు ముందే ఆ మండీవారు ఆయనకు కొంత సొమ్ము ముట్టచెప్పిరి. దానికి పత్రము లేదు, వడ్డీ మాట లేదు. కాని కాయ వారికే పోయవలెను. “అప్పిచ్చినోడికి కాయ పొయ్యకపోతే ఎట్లమ్మా? ఇంట్లో జబ్బు పడినప్పుడు రాత్రి పూట దుడ్డు ఇచ్చింది వాళ్లే గదా” అని ఆయన చెప్పిన మాటను ఆ బాలిక ఉన్నది ఉన్నట్లు వ్రాసికొన్నది. ఆమె మండీకి పోయి యజమానిని కూడ అడిగినది. ధర పడిననాడు సొమ్ము తీసికొన్నవారిలో కొందరు కనబడకుండ పోవుదురనియు, ఆ నష్టమును తానే భరింపవలసి వచ్చుననియు ఆయన చెప్పెను. రెండు పక్షములను వినుట ఈ విద్యలో మొదటి నియమము. ఒకరి మాట విని రెండవవారిని దుర్మార్గుడని వ్రాయుట సులభమే గాని అది శాస్త్రము కాదు.

కుడి పుటలో ఇంకొక విషయము నన్ను ఆకర్షించినది. కోత కోయువారు దాదాపు అందరును స్త్రీలు. మండీలో సొమ్ము అందుకొనువారు అందరును పురుషులు. ఆమె తన ఇంటిలోనే మూడు వారములు లెక్క చూచినది. తన తల్లి తోటలో చేసిన పని ఎడమ పుటలో ఎక్కడను కనబడలేదు. ఏలయనగా ఆ పనికి ఎవరును కూలి ఇయ్యలేదు. ఆ గంటలకు ఊరిలోని కూలి ధర వేసి లెక్కించి చూచినప్పుడు, లాభమనుకొనిన పంట కొన్ని వారములలో నష్టమని తేలినది. ఆ పుటను ఆమె తండ్రికి చదివి వినిపించినదట. ఆయన ఏమియు అనక, మరల మొదటి నుండి చదువుమని అడిగెనట. బస్సు నిలయముకడ నన్ను నిలిపిన రైతు ఆయనయే.

వ్యాపారము సామాజిక సంబంధములలో ఒదిగియుండునని కార్ల్ పోలానీ అను పండితుడు 1944లో ఒక గొప్ప గ్రంథమున చర్చించెను. కళాశాలలో ఆ బాలిక ఆ పేరును వినును. అప్పటికి ఆమె కన్నులకు రాయకోట సంత కట్టియుండును గనుక ఆ పాఠము ఆమెకు బరువు కాదు.

అయితే పనిశిక్షణ యను పేరుతో జరుగునదంతయు శిక్షణ కాదని నేను ఎరుగుదును. నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్నప్పుడు నన్ను ఒక పాఠశాలకు బోధనాభ్యాసమునకై పంపిరి. దాని పేరు చెప్పను. మూడు వారములు నేను అక్కడ హాజరు పట్టికలకు నకళ్లు వ్రాసితిని. పెద్దలకు టీ తెప్పించితిని. నేను పాఠము చెప్పిన కొద్ది దినములలోను ఒక్కరైనను వచ్చి వెనుక బల్లపై కూర్చుండి వినలేదు. తుదకు నా బోధన ఉత్తమమని వ్రాసి సంతకము చేసి ఇచ్చిరి! ఆ కాగితము ఇప్పటికిని నాయొద్ద కలదు. నేర్పువాడు లేనిచోట పని యుండును గాని శిక్షణ యుండదు.

కావున తల్లిదండ్రులు కొన్ని సంగతులను ముందే విచారించుట మంచిది. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద చేరిన అభ్యాసకునకు నెలసరి భృతి ఇచ్చుట సంస్థ విధి. కళాశాల పంపు పనిశిక్షణ అట్టిది కాదు. కొన్ని సంస్థలు సొమ్ము ఇచ్చును, కొన్ని ఇయ్యవు. పిల్లవానిని పంపుటకు ముందు భృతి కలదా, పని వేళలెవ్వి, నేర్పు బాధ్యత ఎవరిది అను మూడింటిని వ్రాతమూలకముగా తెలిసికొనుడు. అంచెట్టి నుండి హోసూరు సుమారు 50 కిలోమీటర్లు. నడుమ అడవి కలదు, ఏనుగులు కలవు. సాయంకాలపు బస్సు తప్పిన బాలిక ఎక్కడ ఉండవలెనను ప్రశ్న కళాశాలవారికి తోచకపోవచ్చును, మనకు తోచవలెను.

హోసూరు అనగానే మన పిల్లలకు ఉద్యోగము గుర్తు వచ్చును. తమిళనాడు ప్రభుత్వము 1971లో సిప్‌కాట్ సంస్థను స్థాపించిన తరువాత హోసూరు క్రమముగా పరిశ్రమల పట్టణమైనది. టాటావారును తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థయు కలసి 1984లో స్థాపించిన టైటాన్ సంస్థ తన గడియారముల కర్మాగారమును అక్కడ నెలకొల్పి, నాటి ధర్మపురి జిల్లా పల్లెల నుండి పాఠశాల చదువు ముగించిన యువతీయువకులను తీసికొని పని నేర్పినది. మన కృష్ణగిరి జిల్లా 2004లో గదా ఏర్పడినది! అట్టి కర్మాగారమునకు పనిశిక్షణకై పోవు విద్యార్థి, పరిశ్రమ బెంగుళూరులో గాక హోసూరులో ఏల వెలసినది, భూమి, దారి, పన్ను, కూలి వీనిలో ఏది ఎంత కారణము అని ఎడమ పుటలో వ్రాయవలెను. రాత్రి షిఫ్టు వచ్చిన ఇంటిలో భోజనపు వేళ ఎట్లు మారినది, జీతము తెచ్చు కుమార్తె మాటకు ఇంటిలో విలువ పెరిగినదా, పెండ్లి వయస్సు మారినదా అని కుడి పుటలో వ్రాయవలెను.

ఈ పనిలో మన పిల్లలకు ఒక సౌకర్యము కలదు. ఇంట తెలుగు, పొరుగింట కన్నడము, కచేరిలో తమిళము వినుచు పెరిగినవారు మీరు. సమాజశాస్త్రజ్ఞుడు ఎం. ఎన్. శ్రీనివాస్ కావేరి ఆవలి మైసూరు ప్రాంతమున ఒక గ్రామమునందు 1948లో నివసించి, జనులను వారి భాషలోనే పలుకరించి విషయములు సేకరించెను. ఆయన వ్రాసి సిద్ధపరచుకొనిన ప్రతులు 1970లో అమెరికాలో అగ్నికి ఆహుతియైనను, జ్ఞాపకమునుండియే 1976లో ‘ది రిమెంబర్డ్ విలేజ్’ అను గ్రంథమును వెలువరించెను. జనుల భాషలో విన్న మాట అంత గట్టిగా నాటుకొనును. మనము అప్పు అందుము, కన్నడిగులు సాల అందురు, తమిళులు కడన్ అందురు. తమిళమున కడన్ అనగా అప్పే గాక, చేయవలసిన విధి యని కూడ అర్థము. మనమును ఒకరికి ఋణపడియుంటిమని చెప్పునప్పుడు సొమ్మునే తలంచుట లేదు గదా. మండీవారికే కాయ పోయు రైతు మనస్సు ఈ రెండర్థముల నడుమ ఉన్నది. ఒక్క భాషతో విచారించువానికి ఇది చిక్కదు.

తొమ్మిదవ తరగతి మొదలు పై తరగతుల విద్యార్థులారా, డిగ్రీకి చేరువరకు మీరు వేచియుండనక్కరలేదు. పాలు, పూలు, రాగులు, చింతపండు, ఉలవలు, పట్టుగూళ్లు వీనిలో ఒకదానిని ఎన్నుకొనుడు. పది దినములు రెండు పుటలును నింపుడు. ఎవరిని అడిగినను ముందు వారి అనుమతి పొందుడు. అప్పులను గూర్చి చెప్పినవారి పేర్లను వ్రాయకుడు. మొదటి ఇల్లు, రెండవ ఇల్లు అని వ్రాసిన చాలును. వారు పలికిన మాటను పలికిన భాషలోనే తెలుగు లిపిలో వ్రాసి, క్రింద అర్థము వ్రాయుడు. లెక్క తప్పినచో కొట్టివేసి ప్రక్కన సరిచేయుడు గాని పుట చింపకుడు. పుస్తకములను సెలవుల తరువాత వచ్చు మొదటి సోమవారమున నాకు ఇయ్యవలెను.