కట్లపాము కాటు: ఊపిరి మనం పోస్తే ప్రాణం నిలుస్తుంది



వానలు మొదలై వేరుశనగ పనులు ఊపందుకోగానే మా క్యాజువాలిటీకి పాము కాటు కేసులు ఎక్కువవుతాయి. మదనపల్లె టమోటా తోటలైనా, పుంగనూరు పల్లెలైనా, కుప్పం వైపు మల్బరీ తోటలూ పట్టుపురుగుల షెడ్లైనా ఈ భయం అందరికీ ఉన్నదే. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాము కాటు వల్ల ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

నాగుపాము, రక్తపింజర, చిన్నపింజర, కట్లపాము. ఎక్కువ ప్రాణాలు తీసేవి ఈ నాలుగు. మొదటి మూడూ కరిస్తే సాధారణంగా నొప్పి, వాపు కనబడతాయి గనుక ఇంట్లో వారు త్వరగా మేల్కొంటారు. కట్లపాము అలా కాదు. రాత్రిపూట ఇంట్లోకి వచ్చి, నేలమీద పడుకున్న వారిని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనబడదు.

కొన్నేళ్ల క్రితం పుంగనూరు వైపు నుండి ఒక తల్లిని తీసుకొచ్చారు. పంచలో చాప వేసుకుని పడుకున్న మనిషి. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచింది, వాంతి చేసుకుంది. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. కాసేపటికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. గాలి సోకిందని మంత్రం వేయించడంలో ఒక గంట పోయింది. మా దగ్గరికి చేరేసరికి మెడ నిలబడటం లేదు, నోట్లో చొంగ నిండిపోయింది, ఊపిరి ఆగిపోతోంది. “ఇంకేముంది సిస్టరమ్మా, అయిపోయింది” అని ఆమె భర్త గడప దగ్గరే కూలబడ్డాడు.

అయిపోలేదు. నాడి కొట్టుకుంటూనే ఉంది.

డాక్టరు గారు వెంటనే శ్వాసనాళంలోకి గొట్టం వేశారు. విరుగుడు మందు మొదలుపెట్టాము. మొదటి మోతాదుగా పది వయల్స్ ఇస్తారు. చిన్న పిల్లలకైనా ఇదే మోతాదు, ఎందుకంటే కరిచిన పాము పిల్ల అని విషం తగ్గించి ఎక్కించదు కదా! అయితే కట్లపాము విషంతో ఒక చిక్కు ఉంది. నరం నుండి కండరానికి సందేశం వెళ్లే కొసను ఆ విషం దెబ్బతీస్తుంది. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని మందు పట్టుకుంటుంది గానీ, అప్పటికే దెబ్బతిన్న కొసను బాగుచేయలేదు. అది శరీరం తనంతట తాను బాగుచేసుకోవాలి. అందుకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అంతవరకు రోగి ఊపిరిని ఇంకొకరు తీసుకోవాలి.

ఆ రోజు మా వెంటిలేటరు మరొక రోగికి పెట్టి ఉంది. అందుచేత అంబూ బ్యాగును చేతితోనే నొక్కాము. ఐదారు సెకన్లకు ఒకసారి, నిమిషానికి పది పన్నెండు సార్లు. వినడానికి తేలికే. అరగంట నొక్కితే వేళ్లు బిగుసుకుపోతాయి. స్టాఫ్ నర్సులు, విద్యార్థినులు వంతులు వేసుకున్నారు. ఒకరు నొక్కుతుంటే ఒకరు చొంగ తీసేవారు, ఇంకొకరు పక్కకు తిప్పి, మూతపడని కళ్లకు మందు వేసేవారు. సాయంత్రం వెంటిలేటరు ఖాళీ అయ్యేవరకు ఎవరూ ఆపలేదు.

ఈ పద్ధతి మాతో మొదలైంది కాదు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు డాక్టర్ బియోర్న్ ఇబ్సెన్ సలహాతో సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా నెలల తరబడి బ్యాగులు నొక్కి రోగులను బ్రతికించారు. అంబూ బ్యాగు కూడా 1956లో ఆ దేశంలోనే వచ్చింది. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని తొలినాళ్లలో నడిపిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ గారు కూడా డెన్మార్క్ వారే అని మా పిల్లలకు చెబుతుంటాము.

మూడవ రోజు ఆమె వేలు కదిలించింది. తర్వాత రెప్పలు లేచాయి. గొట్టం తీసిన మరునాడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న మమ్మల్ని తల వంచుకునేలా చేసింది. “ఆ పొద్దు, ఈమె బ్రతకడం కష్టమే అన్నది ఎవరు సిస్టరమ్మా?” ఆ మాట అన్నది మాలో ఒకరే. కట్లపాము విషం కండరాలను చచ్చుబడేలా చేస్తుంది గానీ తెలివిని తీయదు. కళ్లు తెరవలేకపోయినా, వేలు కదపలేకపోయినా ఆమెకు అంతా వినబడింది. భర్త ఏడుపు కూడా. ఆ రోజు నుండి మా వార్డులో ఒక నియమం ఉంది. బ్యాగు నొక్కే సిస్టరు రోగితో మాట్లాడాలి. “అమ్మా, ఇది ఆసుపత్రి, నీ ఊపిరి మేము చూసుకుంటున్నాము, నీ పిల్లలు బయటే ఉన్నారు” అని చెప్పాలి.

ఇక మీరు చేయవలసినది. రాత్రి నేలమీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం కనబడితే గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. పామును చంపి తేవాలని పొదల్లో వెతికితే రెండో మనిషికీ కాటు పడుతుంది. సోడా, కషాయం ఏదీ తాగించవద్దు, మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో చొంగ కారుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకురండి. బండి మీద తప్పదంటే మధ్యలో కూర్చోబెట్టి వెనుక ఒకరు తల నిలబెట్టి పట్టుకోవాలి. మందు ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కోండి. కుప్పం వారు కుప్పంలోనే, పుంగనూరు వారు పుంగనూరులోనే దగ్గరి ఆసుపత్రిలో మందు మొదలుపెట్టించుకుని, అవసరమైతే అక్కడి నుండి పెద్ద ఆసుపత్రికి వెళ్లడం మంచిది.

మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపితే కట్లపాము దరిచేరడం కష్టం. ఆ తల్లి ఇంట్లో ఇప్పుడు నాలుగు దోమతెరలు ఉన్నాయట. మందుల కోసం వచ్చినప్పుడు ఆమే చెప్పింది. ఆ మాట అన్న సిస్టరు ఎవరో మాత్రం మళ్లీ అడగలేదు.