చెరువు హద్దు తేల్చేవాళ్లు కావాలి

ప్రకృతిని కాపాడే ఉద్యోగం అనగానే మన విద్యార్థులకు ముందు గుర్తొచ్చేది ఫారెస్ట్ ఆఫీసరే. మంచి కొలువే. సైన్స్, వ్యవసాయం, ఇంజినీరింగ్ చదివినవారు ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ (ఐఎఫ్ఎస్)కు పోటీపడవచ్చు, ప్రిలిమ్స్ సివిల్స్‌తో ఉమ్మడిగానే ఉంటుంది. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. అయితే పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పైగా కాపాడాల్సింది అడవి ఒక్కటే కాదు. మన చెరువులు, నాలాలు, పార్కు స్థలాలు చేజారుతున్నది ఎక్కువగా హద్దు తేలకనే.

2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అనే మాట ఇంటింటికీ చేరింది. మత్తడి పొర్లే సమయానికి నీరు ఎంతవరకు పరుచుకుంటుందో ఆ గీతే ఎఫ్‌టీఎల్. తెలంగాణ భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. చెప్పడం తేలికే. గీత ఎక్కడుందో తేల్చడమే కష్టం. మత్తడి ఎత్తు కొలవాలి, ఊరి నక్షా, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, ఉపగ్రహ చిత్రం ఒకదానిపై ఒకటి పరిచి చూడాలి, శిఖం భూమిలో, అంటే చెరువు గర్భంలో, ఎవరి పట్టాలున్నాయో రికార్డుల్లో వెతకాలి. ఇవన్నీ ఒక్కరికే తెలియడం అరుదు. తెలిసినవారికి పని వెతుక్కుంటూ వస్తుందని నా నమ్మకం.

సివిల్ డిప్లొమా, జాగ్రఫీ లేదా జియాలజీ డిగ్రీ ఉన్నవారు సర్వే, జీఐఎస్ వైపు రావచ్చు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. ప్లానింగ్ చదవాలనుకుంటే విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్నాయి. లాసెట్ రాసి న్యాయవాద వృత్తిలోకి వచ్చేవారికీ చోటుంది. చెరువులు, గ్రామ ఉమ్మడి భూములను కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. మన తెలుగు రాష్ట్రాల పర్యావరణ వివాదాలు చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచికి వెళ్తాయి. అక్కడ వాదించాలంటే మ్యాపు చదవగల లాయరు కావాలి.

సాంకేతిక నైపుణ్యం ఒక్కటే సరిపోదని కొల్లేరు సరస్సు నేర్పింది. 1999లో దాన్ని ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రాంసర్ గుర్తింపు వచ్చింది, 2006లో అందులోని అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. తర్వాత ఆక్రమణలు మళ్లీ వచ్చాయి. ఆ నేలమీద బతికే రైతులతో, మత్స్యకారులతో కూర్చుని మాట్లాడి, వారి నష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏ గీతా నిలవదు. సోషల్ వర్క్, గ్రామీణాభివృద్ధి చదివినవారు చేయాల్సింది సరిగ్గా ఈ పనే. దీన్ని చిన్నచూపు చూడకండి.

మొదట్లో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే దొరుకుతాయి, జీతం తక్కువగానే ఉంటుంది. ఆ రెండు మూడేళ్లలో మీరు గీసిన మ్యాపులే తర్వాత మీకు సిఫారసు. మ్యాపు గీయడానికి కోర్సులో చేరేదాకా ఆగక్కర్లేదు. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎన్ఆర్ఎస్‌సీ వారి భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. ఈ సెలవుల్లో మీ ఊరి చెరువు మ్యాపు గీయండి. మత్తడి దగ్గరికి వెళ్లి, ఆయకట్టు రైతులను అడిగి, గీసింది సరిచూసుకోండి. ఆ పని మీకు నచ్చితేనే ఈ కోర్సులకు దరఖాస్తు చేయండి.