పాత ట్రాక్టర్లలో గేరు మార్పు – మెళకువలు, జాగ్రత్తలు

ఇరవై, ముప్పై ఏళ్ల నాటి ట్రాక్టర్లు నేటికీ దుక్కికి, దమ్ముకు, ట్రాలీ రవాణాకు ఉపయోగపడుతున్నాయి. వీటిలో చాలా వాటికి స్లైడింగ్ మెష్ గేరుబాక్సు ఉంటుంది. లీవరు కదిపినప్పుడు ఒక పళ్లచక్రం షాఫ్టుపై జరిగి మరొక చక్రంతో కలుస్తుంది. రెండింటి వేగాలను సమం చేసే సింక్రోనైజరు ఇందులో ఉండదు. అందువల్ల వేగాలు కలవకముందే బలవంతంగా గేరు వేస్తే గరగర శబ్దం వచ్చి పళ్ల అంచులు అరుగుతాయి, ఒక్కోసారి విరుగుతాయి.

గేరు మార్చే విధానం: ఇంజను వేగం తగ్గించి, క్లచ్‌ను పూర్తిగా నొక్కి ట్రాక్టరును ఆపాలి. క్లచ్ నొక్కిన తరువాత కూడా లోపలి షాఫ్టు కొద్దిసేపు తిరుగుతుంది కనుక రెండు మూడు సెకన్లు ఆగి గేరు వేయాలి. గేరు పడకపోతే లీవరును నెట్టరాదు. న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ వదిలి, మళ్లీ నొక్కితే పళ్ల స్థానం మారి సులువుగా కలుస్తాయి. హై–లో లీవరును ట్రాక్టరు ఆగినప్పుడే మార్చాలి.

పొలంలో: దుక్కి సమయంలో క్లచ్ నొక్కగానే నేల ఒత్తిడికి ట్రాక్టరు ఆగిపోతుంది. కాబట్టి తగిన గేరును సాలు మొదట్లోనే ఎంచుకోవాలి.

వాలులో: చెరువు కట్ట, కాలువ గట్టు వంటి చోట్ల బరువు ట్రాలీతో దిగేటప్పుడు గేరు మార్చడం అత్యంత ప్రమాదకరం. క్లచ్ నొక్కినా, న్యూట్రల్ చేసినా ఇంజను నిలుపుదల తొలగిపోయి ట్రాలీ వెనుక నుండి నెడుతుంది. వేగం పెరిగాక తిరిగి గేరు పడదు. ట్రాక్టరు పక్కకు తిరిగి బోల్తా పడవచ్చు. వాలుకు ముందే ఆగి తక్కువ గేరు వేసి, రెండు బ్రేకు పెడళ్లను గొళ్లెంతో కలిపి, క్లచ్ తాకకుండా దిగాలి. ఎక్కేటప్పుడు కూడా ఇదే విధంగా ముందే తక్కువ గేరు వేసుకోవాలి.

నిర్వహణ: ఆగి, వేచి చూసినా రివర్సు గేరు శబ్దంతోనే పడుతుంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అనుమానించాలి. పెడల్ ఖాళీ కదలిక ఎక్కువైతే ఈ లోపం వస్తుంది; మరీ తక్కువైతే క్లచ్ జారి ప్లేటు కాలుతుంది. తయారీదారు పుస్తకంలోని కొలతకు దీనిని సరిచేయించాలి. నడిపేటప్పుడు పెడల్‌పై పాదం ఆనించి ఉంచరాదు. గేరుబాక్సు నూనె మట్టాన్ని తరచుగా పరీక్షించాలి.

అవసరం రాకముందే గేరును ఎంచుకోవడం అలవాటైతే పాత యంత్రం మరికొన్నేళ్లు పనిచేస్తుంది. నడిపేవారి ప్రాణానికీ రక్షణ కలుగుతుంది.