ఆరని రంగుపై ధూళి పడకుండుట

విద్యార్థులారా, క్రిస్మసునకు ముందు మా తరగతి బాలుడొకడు తాను ఇంటివద్ద చేసిన కొయ్యనక్షత్రమును తెచ్చి చూపెను. పని చక్కనిది, అతుకులు కానరావు. కాని పైనున్న ఎర్రరంగు వ్రేలికి ఉప్పుకాగితమువలె తగిలెను. "తలుపులు, కిటికీలు అన్నియు బిగించియే స్ప్రే డబ్బాతో రంగు చిమ్మితినండీ" అని వాడు చిన్నబోయెను. ఆ గదిలో తనకు తల తిరిగినదనియు చెప్పెను. రంగు చెడినదన్న మాటకంటె ఈ రెండవ మాటయే నన్ను కలవరపెట్టినది.

తలుపులు మూసినను ధూళి యెక్కడినుండి వచ్చినది? అది బయటినుండి రాలేదు. గదిలోనిదే. అప్పుడే ఊడ్చిన నేలనుండి, మన బట్టలనుండి, తలవెండ్రుకలనుండి, పైన తిరుగు పంకా రెక్కలనుండి లేచినది. మిల్లీమీటరులో ఇరువదవ వంతు గల రేణువు, నీటియంత సాంద్రత గలదైనచో, నిశ్చలవాయువులో సెకనుకు సుమారు 7 సెంటీమీటర్లు దిగును. 2 మీటర్ల ఎత్తునుండి అరనిమిషములో నేలకు చేరును. అందులో అయిదవవంతు ప్రమాణము గల రేణువునకు పది నిమిషములకు పైగా పట్టును. అంతకంటె సూక్ష్మమైనవి గంటలకొలది తేలుచుండును గాని అవి రంగులో కంటికి కానరావు. కాబట్టి ఊడ్చిన వెంటనే రంగు వేయుట అన్నిటికంటె చెడ్డపని. తడిగుడ్డతో నేల తుడిచి, పంకా ఆపి, అరగంట ఊరకుండవలెను.

జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడు 1870 దశకములో ఒక పెట్టె లోపలి గోడలకు గ్లిసరిను పూసి, మూసి, కదల్పక కొన్ని దినము లుంచెను. పిమ్మట దానిగుండ వెలుగురేఖను పంపగా, ఆ రేఖ బయట స్పష్టముగా కనబడెను గాని పెట్టెలో కనబడలేదు. రేఖను మనకు చూపునది ధూళియే గదా! అది యంతయు దిగి గ్లిసరినునకు అంటుకొనియుండెను.

మనకును అట్టి పెట్టె చాలును. కావలసినది వస్తువునకు పెట్టె, మనకు కాదు. పెద్ద అట్టపెట్టె నొకదానిని తీసికొని లోపల తడిగుడ్డతో తుడిచి ఆరనిండు. మంచు విడిచిన తరువాత, సముద్రపుగాలి లేవకముందు, వసారా బయట పెద్దల యెదుట రంగు చిమ్మి, వస్తువుపై ఆ పెట్టెను బోర్లింపుడు. దాని అంచుల క్రింద పెంకుముక్కలుంచి వ్రేలెడు సందు విడువవలెను. రంగులోని ద్రావకపు ఆవిరి గాలికంటె బరువైనది. అది క్రిందిసందునుండి వెడలిపోవును. ధూళియో పైనుండి దిగునది, కనుక పెట్టెమూతపైననే నిలిచిపోవును. సందు లేక బిగించినచో ఆవిరి లోపలనే నిలిచి రంగు ఆరుట ఆలస్యమగును.

ఆ ఆవిరి మూసిన గదిలో నిండినందుననే ఆ బాలునకు తల తిరిగినది. ముక్కునకు కట్టిన రుమాలు తుంపరలను కొంత ఆపునేమో గాని ఆవిరిని ఆపజాలదు. డబ్బాలోని వాయువు సాధారణముగా వంటగ్యాసు జాతిది. ఆ గదిలో పొయ్యి గాని, దీపము గాని వెలుగుచుండినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

మరియొక మాట. రంగు వేయకముందు ప్లాస్టికు వస్తువును పొడిగుడ్డతో రుద్దరాదు. దువ్వెన కాగితపుముక్కల నాకర్షించునట్లు అదియు ధూళి నాకర్షించును. కొంచెము తడిసిన గుడ్డతో తుడిచి ఆరనిండు.

మన పొరుగున అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక పనివారి కీ చిక్కే లేదు. వారు గిర్రున తిరుగు అంకుడుకొయ్యకు రంగులక్కను ఒత్తి పట్టుదురు. రాపిడివేడికి కరిగి అంటిన లక్క అంతలోనే గట్టిపడును. ధూళికి అంటుకొను వ్యవధి యేదీ? తరువాత మొగలియాకుతో మెరుగు పెట్టుదురు. మన డబ్బారంగు అట్లు కాదు, చాలసేపు జిగటగా నుండును.

ఇంత చేసినను రేణువొకటి పడినచో, వ్రేలితో తీయబోకుడు. తీసినచోట గుంట పడును. మరునాటివరకు ఆరనిచ్చి, సన్నని వాటర్ పేపరును నీట తడిపి మెల్లగా రుద్ది, తుడిచి, పలుచగా మరియొక పూత వేయుడు. నక్షత్రము తెచ్చిన బాలుడు ఇప్పుడు మా బడి వసారా ప్రక్క ఆ పనియే చేయుచున్నాడు.