చేతిని వదులు చెయ్యి

శ్రీ సిటీ,
కార్తీక మాసం

చిరంజీవి అమ్మలూ,

నీ ఉత్తరం, దాంతోపాటు పెట్టిన బూడిదరంగు ఊలు ముక్క అందాయి. ఇక్కడ మూడు రోజులుగా ముసురు. పులికాట్ వైపు నుంచి వచ్చే తడిగాలికి దండెం మీద బట్టలు ఆరడం లేదు. కిటికీ దగ్గర కూర్చుని నీ ముక్కను వెలుతురుకి పెట్టి చూశాను. కుట్టుకీ కుట్టుకీ తేడా లేదు, నరసాపురం చెయ్యి అని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు. కానీ స్వెటర్ అయ్యే బట్ట కాదమ్మా అది. అట్టలా బిర్రుగా ఉంది. పైకి లేవాల్సిన నూగంతా కుట్ల మధ్య నలిగిపోయింది.

నిన్ను తప్పుపట్టను. మన చేతులు నూలు లేసు మీద పెరిగినవి. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు మన ఊళ్ళలో ఈ పని మొదలుపెట్టారని చెప్పుకుంటారు. అప్పట్నుంచీ సన్న సూది, బిగి కుట్టు. ఇంకో సంగతి కూడా ఉంది. మీ నానమ్మకి ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకునేవాడు. బరువు తగ్గితే కూలి తెగేది. అందుకే అమ్మ మూరెడు దారం ముక్క కూడా పారేసేది కాదు. ఆ భయం ఆవిడ వేళ్ళలోంచి నా వేళ్ళలోకి వచ్చింది. నీకు లేసు సూది పట్టుకోవడం నేర్పింది నేనే, కాబట్టి నీకూ అంటించాను. అది వదిలించడం కోసమే ఈ ఉత్తరం.

మీ అన్నయ్య పంపిన ఆ చిలపలు మోహేర్. అంగోరా మేక బొచ్చు అది. దక్షిణాఫ్రికాలో ఎక్కువగా పెంచుతారు. అంగోరా ఊలు అని అమ్మేది కుందేలుది, రెండూ ఒకటనుకోకు. చీటీ మీద 50 గ్రాములకు 420 మీటర్లు అని ఉందన్నావు. అంత సన్నటి దారంలో నడుమ పట్టు పోగు, దాని చుట్టూ పిల్లమేక నూగు ఉంటాయి. బరువు మోసేది పట్టు, చోటు నింపేది నూగు. నూలు లేసులో ఖాళీని మనం సూదితో కొలిచి వదులుతాం. ఇక్కడ ఖాళీ వదిలితే చాలు, నూగే వచ్చి దాన్ని కమ్ముకుంటుంది. అందుకని ఒక మిల్లీమీటరు సూది పెట్టెలో పెట్టేసి నాలుగున్నరో, అయిదో తీసుకో. పొట్టి కుట్టు వద్దు, పొడుగు కుట్టు వెయ్యి. మొదటి నాలుగు వరసలు చేపలవలలా కనిపించి నీకు ఏడుపొస్తుంది. ఆగకు. తడిపి, పరిచి, ఆరాక చూడు.

రెండు సూదుల అల్లిక నేర్చుకుంటే దారం ఇంకా కలిసొస్తుంది, క్రోషే ఎప్పుడూ ఎక్కువే తింటుంది. ప్రతి ఇరవై వరసలకూ ఒక నున్నటి నూలు దారం కుట్లలోంచి ఎక్కించి ఉంచు. పైన ఏం జారినా అక్కడితో ఆగుతుంది. మోహేర్‌లో విప్పడం మహా కష్టం, నూగు నూగుని పట్టేసుకుంటుంది. లాగితే పట్టు పోగు తెగుతుంది. తప్పనిసరైతే ముక్కను ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచు. చలికి నూగు బిగువు సడలుతుంది, అప్పుడు మెల్లగా విప్పు.

చేత్తో రంగేసిన చిలపల ఛాయలు ఒకదానికొకటి సరిగ్గా కలవవు. రెండు చిలపల్నీ పక్కన పెట్టుకుని రెండు వరసలు దీంతో, రెండు దాంతో అల్లు. లేకపోతే ఛాతీ దగ్గర గీత పడుతుంది.

రంగు నువ్వే వేస్తానన్నావు. శ్రీకాళహస్తి ఇక్కడికి దగ్గరే, అక్కడి కలంకారీ పని కళ్ళారా చూశాను. వాళ్ళు నూలు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచేది రంగు పాకకుండా. బొచ్చుకూ పట్టుకూ ఆ పని లేదు, పటిక చాలు. వంద గ్రాములకు పది గ్రాములు వేసి, గోరువెచ్చన నుంచి నెమ్మదిగా కాచి, గంటసేపు ఉంచి, ఆ గిన్నెలోనే చల్లారనీ. తర్వాత మంజిష్ఠ. నీళ్ళు తెర్లనివ్వకు, ఎరుపు మట్టిరంగులోకి దిగుతుంది. ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టి చేసే నలుపు మాత్రం దీని జోలికి తేకు. ఇనుము బొచ్చును పెళుసు చేస్తుంది.

మోహేర్‌తో నా మొదటి స్వెటర్ మీ వదినకి అల్లాను. తనది ఫోన్ల ఫ్యాక్టరీలో లైను మీద పని. లోపల ఏసీ చలి ఉన్నా ఇది వేసుకెళ్ళనివ్వరు. ఒక్క నూగు రాలినా ఫోన్లో చేరుతుంది, ఊలు రాపిడికి పుట్టే కరెంటు చిన్న చిన్న భాగాల్ని పాడుచేస్తుంది. ఆ నియమం సరైనదే. ధనుర్మాసంలో తెల్లవారుజామున కంపెనీ బస్సు కోసం నిలబడేటప్పుడు వేసుకుని, గేటు దగ్గర మడిచి సంచీలో పెడుతుంది. మడిస్తే గుప్పెడే.

అది అల్లడానికి అరవై గంటలు పట్టింది. గోడ క్యాలెండర్ మీద రాసుకున్నాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. నువ్వూ రాసుకో. 1982లో మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద పుస్తకం రాసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లి విదేశాలకు సరుకు పంపే మనిషిని ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషిగా లెక్కేస్తారని అందులో చెప్పింది. అది చదివినప్పుడు నాకు అమ్మే కనిపించింది. 2024లో మన లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని ఎంతో పొంగిపోయాను. కానీ ధర దగ్గర ఆ గుర్తింపు నీ తరఫున మాట్లాడదు, నువ్వే మాట్లాడాలి. ఎవరైనా కొంటామంటే గ్రాములు చెప్పకు, గంటలు చెప్పు.

అయిదు మిల్లీమీటర్ల సూదితో జానెడు ముక్క అల్లి పంపు. ఈ పాతది తిరిగి పంపమని అడగకు. నా పెట్టెలో, అమ్మ లేసు పక్కన పెట్టుకున్నాను.

మీ అత్త