శూన్యంతో నడిచే వైపరు – పోషణ, మరమ్మతు

వాన కురిసేటప్పుడు వాహనపు ముందు అద్దాన్ని తుడిచే సాధనమే వైపరు. అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే మహిళ చేతితో తిప్పే వైపరుకు 1903లో పేటెంటు పొందింది. తరువాత ఇంజను పీల్చే గాలితోనే దానిని నడిపే పద్ధతి వచ్చింది. మహీంద్రా సంస్థ 1947 నుండి మన దేశంలో కూర్చిన విల్లీస్ జీపుల కాలపు పెట్రోలు బండ్లలో ఈ విధానం కనిపిస్తుంది.

ఇంజనులో ముషలకం క్రిందికి దిగినప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డులో పీడనం తగ్గి, పాక్షిక శూన్యం ఏర్పడుతుంది. ఒక రబ్బరు గొట్టం ఈ శూన్యాన్ని వైపరు మోటారుకు చేరుస్తుంది. మోటారు లోపల తోలు అంచు గల రెక్క ఉంటుంది. దానికి ఒక వైపు శూన్యం, రెండవ వైపు వాతావరణ పీడనం ఉండుటచే రెక్క జరుగుతుంది. కొసకు చేరగానే కవాటం మారి, రెక్క వెనుకకు మరలుతుంది.

ఇంజను నిలకడగా, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఈ శూన్యం సుమారు 18 నుండి 20 పాదరస అంగుళాలు ఉంటుంది. ఎత్తు ఎక్కుటకు యాక్సిలరేటరును పూర్తిగా తొక్కితే అది దాదాపు నశించి, వైపరు ఆగిపోతుంది. మన నెల్లూరు జిల్లాలో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు అధికం. వింజమూరు నుండి ఉదయగిరి కొండల వైపు పోయే బండికి ఆ క్షణాన ఎదుటి బస్సు కనబడకపోతే ప్రాణాపాయమే. అప్పుడు వేగం తగ్గించి, కాలు కొంచెం సడలించాలి. శూన్యం పుంజుకొని వైపరు కదులుతుంది.

వైపరు మందగిస్తే మొదట ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, మోటారు వద్ద గొట్టాన్ని ఊడదీసి, దాని కొసను బొటనవ్రేలితో మూయాలి. వ్రేలిని గట్టిగా పీల్చితే లోపం మోటారులోనిది. పీల్పు బలహీనమైతే గొట్టం చిట్లినదో, బిగింపు వదులైనదో చూడాలి. ఆ సందులో గాలి చొరబడితే ఇంజను కూడా తడబడుతుంది. మోటారును విప్పి, ఎండిన గ్రీజును తుడిచి, బిరుసెక్కిన తోలుకు ఆముదం పట్టించాలి. తోలు చినిగితే మార్చవలసినదే. పొడి అద్దం మీద వైపరును నడపరాదు.

జీపుకు డీజిలు ఇంజను అమర్చేవారు ఒక సంగతి మరువరాదు. సాధారణ డీజిలు ఇంజనులో గాలిని అడ్డగించే థ్రాటిల్ ఉండదు. కనుక ఈ శూన్యమూ లభించదు. అప్పుడు వేరుగా శూన్యపు పంపునో, విద్యుత్ వైపరునో అమర్చుకోవాలి. పాత బండిని కాపాడటం మెచ్చదగినదే. కాని దానిలో కూర్చున్నవారిని కాపాడటం అంతకన్న ముఖ్యం. కావున తొలి వాన పడకముందే ఈ పరీక్ష చేసుకొనడం వివేకుల లక్షణం.