యుద్ధ శకటపు బొమ్మకు మట్టి పూయుట

చిన్న టాంకు బొమ్మను కూర్చి, దానికి రంగు వేసి, చుట్టును నేలను, చెట్టును, మనుష్యులను అమర్చి ఒక సన్నివేశముగా నిలుపు పని నేడు పెక్కుమంది బాలురకును, కొందరు బాలికలకును ప్రీతియైన వ్యాసంగమైనది. దీనిని డయోరమా అందురు. తల్లిదండ్రులు దీనిని ధనవ్యయముగను, కాలహరణముగను తలచుట సహజమే. కాని శ్రద్ధతో చేసినచో గణితము, భూగోళము, చరిత్ర, చిత్రలేఖనము నాలుగును ఒక్క పలకమీద కలియునని మా అభిప్రాయము. ఇంట పిల్లవాడు ఈ పని చేయుచుండగా ప్రక్కన కూర్చుండి ఏమి అడుగవలెనో తెలుపుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఉదాహరణమునకై దూరదేశపు యుద్ధము వలదు. మన నాందేడు 1948లో నిజాము ఏలుబడియందలి హైదరాబాదు సంస్థానములో ఉండెను. ఆ యేటి సెప్టెంబరు 13వ తేదీన భారత సేన సోలాపురము వైపునుండి సంస్థానములో ప్రవేశించి, నల్‌దుర్గ్ వద్ద బోరీ నదిపై నున్న వంతెనను మొదటి దినముననే వశపరచుకొనినది. మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి నాయకత్వమున నడచిన ఆ సేనలో షెర్మన్ టాంకులును, వానికన్న చిన్నవగు స్టూవర్ట్ టాంకులును ఉండెను. 16వ తేదీకి సేన జహీరాబాదు చేరెను. 17వ తేదీన నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను. మరాఠ్వాడా ముక్తి దినమని మన పిల్లలు ఏటేట జెండావందనము చేయునది ఆ తేదీననే. ఆ దారిమీది షెర్మన్ టాంకునే ఇచ్చట తీసికొందము.

మొదట కొలత. ఇట్టి బొమ్మలు తరచుగా 1:35 నిష్పత్తిలో దొరకును. ఈ విచిత్రమైన అంకె ఎట్లు వచ్చినదో పిల్లలకు చెప్పిన నవ్వుదురు. 1961లో జపానుదేశపు తమియా సంస్థ పాంథర్ టాంకు బొమ్మను చేసినపుడు లోపల మోటారును, బ్యాటరీలును పట్టుటకు ఎంత పెట్టె కావలయునో అంత చేసిరి. కొలిచి చూడగా సుమారు ముప్పదియైదవ వంతు వచ్చినది. షెర్మన్ సుమారు 6 మీటర్ల పొడవు. బొమ్మ 17 సెంటీమీటర్లగును. నిలుచున్న మనిషి 5 సెంటీమీటర్లు. 7 మీటర్ల వేపచెట్టు 20 సెంటీమీటర్లు. ఈ భాగహారములు పిల్లవానిచేతనే చేయింపుడు. మనిషితలకు సమానమైన వేపచెట్లు పిల్లల పలకలమీద మేము పెక్కు చూచితిమి.

రంగు విషయము త్వరగా చెప్పవచ్చును. ముదురు ఆకుపచ్చ రంగులో కొంచెము తెలుపు కలిపి పూయవలెను. చిన్న వస్తువు అసలుకన్న నల్లగా కనబడును గనుక. అది ఆరిన పిమ్మట గోధుమవన్నె ఆయిల్ రంగును టర్పెంటైనులో పలుచగా కలిపి పూసినచో సందులలోనికి జారి నీడవలె నిలుచును. పిదప, రంగు దాదాపు తుడిచివేసిన కుంచెతో అంచులను తేలికగా రాచిన అవి వెలుగును. టర్పెంటైను పొయ్యిదగ్గర వాడరాదు. కిటికీ తెరచి యుంచవలెను. ఈ పని పెద్దలు దగ్గరనుండి చేయింపవలెను.

ఇక మట్టి. అసలు పాఠము ఇచ్చట నున్నది. దుకాణములో దొరకు లేత గోధుమవన్నె పొడిని బొమ్మనిండ చల్లుట పిల్లల అలవాటు. అది ఎడారి దుమ్ము. నల్‌దుర్గ్ ప్రాంతము మన నాందేడువలెనే నల్లరేగడి నేల. నల్లని అగ్నిశిల కరగి పుట్టిన మట్టి. పైగా అది భాద్రపద మాసము, వర్షకాలము. కనుక ఆ టాంకుపై దుమ్ముకన్న బురదయే ఎక్కువ ఉండవలెను. రేగడి తడిసినపుడు దాదాపు కాటుకవలె నుండి చక్రములకు ముద్దలుగా పట్టును; ఎండినపుడు బూడిదవన్నెకు దిగి బీటలు వారును. ఇనుప పట్టాలలోను, చక్రముల నడుమను తడిబురద, దానిపై ప్రక్కరేకులమీద చింది ఎండిన మరకలు, అంతకుపైన వాన కడిగిన చారలు: ఈ క్రమము తప్పరాదు. అదే టాంకును జహీరాబాదులో నిలిపినచో, అచ్చటి ఎర్రమట్టి పూత ఎండిన రేగడి పూతమీద రావలెను. అట్లు చేసినచో చూచువారికి మూడు దినముల ప్రయాణము మట్టిలోనే కనబడును.

త్రుప్పును గూర్చి పిల్లలకు మితిమీరిన ప్రీతి కలదు. ఆ చర్య ఐదు దినములలో ముగిసెను. ఐదు దినములలో రంగు వేసిన ఉక్కురేకు త్రుప్పుపట్టి రాలదు. రంగులేని పట్టాలు మాత్రము ఒక్క వానరాత్రికే ఎర్రబడును. మరల నడువగనే నేలకు తగులు అంచులు వెండివలె మెరయును. పొగగొట్టము చుట్టు మసి, మూతలవద్ద సైనికుల బూట్లు రాచిన గుర్తులు, ఇంతే చాలును. అహల్యానగరమున, అనగా పూర్వపు అహమదునగరమున, 1994లో నెలకొల్పిన టాంకుల ప్రదర్శనశాల కలదు. ఆకారము తెలియుటకు పిల్లలను అచ్చటికి తీసికొనిపోవుట మేలు. మురికి నేర్చుటకు మాత్రము చెరకుతోటనుండి వచ్చు ట్రాక్టరే గురువు. బురద ఎంత ఎత్తువరకు ఎగిరినదో బడికి వచ్చు దారిలోనే చూపుడు.

నేలకు ఖరీదైన వస్తువులు అక్కరలేదు. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల బంకయు, రంపపు పొట్టును కలిపి మక్కు అను ముద్ద చేసి బొమ్మల అవయవములు అతికింతురు. ఆ ముద్దయే పలకమీద పరచి, తడిగా నుండగా పట్టాల జాడలు నొక్కి, పైన గుడ్డతో జల్లించిన మన రేగడిని చల్లవచ్చును. టాంకుమీది మట్టియు పలకమీది మట్టియు ఒకే డబ్బాలోనివై యుండవలెను.

అమరికకు వచ్చునపుడు మన బొమ్మలకొలువు అలవాటు కొంత అడ్డువచ్చును. కొలువులో ప్రతి బొమ్మయు మనవైపు చూచును. ఇందు బొమ్మలు ఒకదాని నొకటి చూడవలెను. బాటను పలక అంచులకు సమాంతరముగా గాక ఏటవాలుగా వేసి, టాంకును నడుమనుండి కొంత వెనుకకు జరిపి, ముందు ఖాళీ దారి విడువవలెను.

బాట ప్రక్కన ఎవరిని నిలుపవలెననునదే కష్టమైన ప్రశ్న. పూలమాలలు పట్టిన జనమును పెట్టుట సులభము. అట్టి జనము నిజముగనే ఉండిరి. రజాకార్ల దౌర్జన్యముతో విసిగిన పల్లెలకు ఆ టాంకు విడుదలగా కనబడినది. కాని ఆ దినములలోను, తరువాతను సంస్థానములో కనీసము 27 వేలనుండి 40 వేలవరకు జనులు చనిపోయిరని పండిత సుందరలాల్ సంఘము అంచనా వేసినది. వారిలో అత్యధికులు ముస్లిములు. మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో ఉస్మానాబాదుతోపాటు మన నాందేడును ఒకటి. రెండు కథలును మన వీధులలోని ఇండ్లలో ఉన్నవి. ఆ ఇండ్ల పిల్లలు మన పిల్లలతో ఆడుకొనుచున్నారు. కనుక కూలిన శవములను, కాలిన ఇండ్లను బొమ్మలుగా చేయుట మాకు సమ్మతము గాదు. మాలలతో మాత్రమే నింపుటయు సమ్మతము గాదు. పిల్లవాడు ఎవరిని నిలిపినను, ఆ మనిషి ఎవరు, ఎందుకు అచ్చట నిలిచెనని అడుగుడు. బండి ప్రక్కకు తీసి ఎద్దుల ముకుతాడు పట్టుకొనిన రైతు, చేయెత్తిన కుర్రవాడు, బాటకు కొంచెము దూరముగా సగము మూసిన తలుపు, దాని వెనుక ఒక ముఖము: ఒక పలకకు ఇవి చాలును. తలుపు వెనుకనున్న ముఖమునకు 5 మిల్లీమీటర్ల సందు సరిపోవును.

పలక అంచున స్థలమును, తేదీని వ్రాయింపుడు. మా సలహా తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడు లిపులలోను వ్రాయుమని. ఉర్దూ అక్షరములు మన పిల్లలకు రానిచో ప్రక్కింటి వారిని అడిగి వ్రాయించుకొనవచ్చును.